రాచెస్టర్ పెరట్లో మల్లె చుట్టం

2021 మే 16, ఆదివారం

న్యూయార్క్ రాష్ట్రంలో మా ఊరు రాచెస్టర్. ఇక్కడి హైలాండ్ పార్కు దగ్గర పార్కింగ్ దొరక్క నాలుగు వీధుల అవతల కారు పెట్టి నడిచాం. పార్కు ఇంకా కనబడకముందే వాసన వచ్చేసింది. నేను ఆగిపోయాను. మా ఆయన "ఏమైంది?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. మల్లె కాదు, జాజీ కాదు. కానీ వాటి ఇంట్లోనే పుట్టి పెరిగిన వాసనలా ఉంది. వేసవి రాత్రి డాబా మీద పడుకుంటే పక్కింటి పందిరి మీంచి వచ్చేది చూడండి, అలా.

లోపలికి వెళ్తే మనిషికి రెండింతల ఎత్తు లైలాక్ పొదలు. ప్రతి కొమ్మ కొసనా గుత్తులు, చాలావాటికి జంటగా. ఒక్కో గుత్తిలో లవంగం మొగ్గంత పూలు వందల్లో. సన్నటి గొట్టం, దాని మీద నాలుగు రెక్కలు. లేత ఊదా, ముదురు ఊదా, నీలం, తెలుపు, గులాబీ. ఒక బోర్డు దగ్గర ఆగి చదివి, ఇంటికొచ్చి ఇంకాస్త చదివాను. ఎల్వాంగర్, బ్యారీ అనే ఇద్దరు నర్సరీ యజమానులు 1888లో ఈ నేల ఊరికి ఇచ్చేశారట. పార్కుకి రూపం ఇచ్చింది ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే పార్కుల రూపశిల్పి. 1892లో జాన్ డన్‌బార్ అనే తోటమాలి 20 రకాల లైలాక్‌లతో మొదలుపెట్టాడు. ఇప్పుడు 500 పైచిలుకు రకాలు, 1200కి పైగా పొదలు. ఆ నర్సరీ అప్పట్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. అంటే ఈ ఊరు ఒకప్పుడు అమెరికాకి, మన గోదావరి వైపు నర్సరీల ఊరు కడియం లాంటిదన్నమాట. మా అమ్మ పుట్టిల్లు కడియపులంక. ఈ సంగతి ఫోన్లో చెప్తే "మరి ఇన్నాళ్లూ ఒక్క మొక్కైనా పెట్టలేదేం నువ్వు?" అంది.

ఇల్లు కొని ఆరు నెలలు. పెరట్లో గడ్డి తప్ప ఏమీ లేదు. రాత్రి నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో "లైలాక్ – 3" అని రాశాను. ఈ డైరీ ఆ నోట్‌బుక్కే, కొంచెం సర్ది టైప్ చేస్తున్నాను.

మే 23

నా ముక్కు అబద్ధం చెప్పలేదు. లైలాక్, మల్లె, సన్నజాజి, పారిజాతం, ఆలివ్ అన్నీ వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబం. పేరులో కూడా చుట్టరికం ఉంది. లైలాక్ అన్న మాట పర్షియన్ నుంచి అరబ్బీ, స్పానిష్, ఫ్రెంచి ఇళ్లల్లో మకాం వేస్తూ ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ పర్షియన్ మాట వెనకున్నది మన "నీల" శబ్దమే. మొక్క స్వస్థలం మాత్రం బాల్కన్ కొండలు. రాళ్ల మధ్య, నీళ్లు నిలవని చోట పుట్టింది. ఈ ముక్క నోట్‌బుక్‌లో రెండుసార్లు గీత గీసుకున్నాను, ఎందుకంటే నాకు నీళ్లు పోసే పిచ్చి ఉంది.

హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని "నాకూ ఒకటి పంపవే" అంది. కుదరదు పిన్నీ. వారాల తరబడి గట్టి చలి తగిలితేగానీ ఇది సరిగ్గా పూయదు. అక్కడ "పర్షియన్ లైలాక్" అని గింజలు కనబడితే సంబరపడి కొనొద్దని కూడా చెప్పాను. ఆ పేరుతో పిలిచేది మన తురకవేపని. లైలాక్ జాతి మొక్క మన దేశంలో చూడాలంటే కాశ్మీరు, హిమాచల్ కొండలెక్కాలి, అక్కడ హిమాలయన్ లైలాక్ అడవిలో పెరుగుతుంది.

జూన్ 12

ఎండ లెక్క. శనివారం పొద్దున ఏడు నించి సాయంత్రం ఏడు దాకా గంటకో ఫోటో తీశాను. వెనక కంచె పక్కన మేపుల్ నీడ, ఎండ మూడు గంటలకు మించదు. నాకేమో అక్కడే పెట్టాలని ఉంది, వంటింటి కిటికీలోంచి కనబడుతుందని. లైలాక్‌కి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. డ్రైవ్‌వే పక్క పట్టీలో ఏడున్నర గంటలు వచ్చింది. సరే, కిటికీ ఆశ వదిలేశాను.

అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి చూశాను. వెనక మూల మర్నాటి పొద్దుటికి కూడా బురదే. డ్రైవ్‌వే పక్కన రెండు గంటల్లో ఇంకిపోయింది. మట్టి పరీక్షలో పీహెచ్ 5.9 వచ్చింది, అంటే కాస్త ఆమ్ల నేల. దీనికి 6.5 నుంచి 7 దాకా ఉంటే సుఖం. సంచి మీద రాసిన మోతాదులోనే సున్నం చల్లి కలిపాను. నాటేది సెప్టెంబర్‌లో కాబట్టి ఈలోగా సర్దుకుంటుంది.

సెప్టెంబర్ 18

నాటేశాం. మూడు మొక్కలు.

మొదటిది ప్రెసిడెంట్ లింకన్. ఇది ఈ ఊరి బిడ్డే, డన్‌బారే పెంచి 1916లో బయటికి తెచ్చిన రకం. నీలానికి బాగా దగ్గరగా పూస్తుంది. రెండోది మదాం లెమోయిన్, తెలుపు, ముద్దపువ్వు. ఫ్రాన్సులోని నాన్సీ ఊళ్లో విక్టర్ లెమోయిన్ అని ఒకాయన ఉండేవాడు. కంటిచూపు మందగిస్తే, ఆ చిన్న చిన్న పూలల్లో పుప్పొడి అద్దే పని భార్య చేతుల మీద నడిచింది. 1890లో వచ్చిన ఈ తెల్లపూల రకానికి ఆవిడ పేరే పెట్టాడు. నర్సరీలో ఈ కథ గుర్తుకొచ్చి, వేరే రకం పట్టుకున్నదాన్ని పెట్టేసి ఇది తెచ్చుకున్నాను. మూడోది మిస్ కిమ్, పొట్టిది, కొరియా కొండల నించి 1947లో తెచ్చిన గింజల్లోంచి వచ్చినది. మిగతావి పూసి అయిపోతున్నప్పుడు ఇది మొదలవుతుంది.

కొనేటప్పుడు ఒకటి అడగాలి: సొంత వేరు మీద పెరిగిందా, అంటు కట్టిందా అని. లైలాక్‌ని కొన్నిచోట్ల ప్రివెట్ అనే కంచెమొక్క మీద అంటు కడతారు. అప్పుడు కింద నించి వచ్చే పిలకలు లైలాక్ కావు, ప్రివెట్. కడియం రక్తం కాబట్టి అంటు ముడి ఎక్కడుందా అని మూడు మొక్కల మొదళ్లూ వేలితో తడిమి చూశాను. సొంత వేరే.

తవ్వేముందు, నేలలో పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టే 811కి ఫోన్ చేశాం. ఇక్కడ అది తప్పనిసరి. వాళ్లొచ్చి గ్యాస్ లైను వెంట పసుపు జెండాలు పాతి వెళ్లారు. ఒక జెండా సరిగ్గా లింకన్ కోసం నేను గుర్తు పెట్టుకున్న చోటే నిలబడి ఉంది! నాలుగడుగులు జరిగాం.

గొయ్యి కుండీకి రెండింతల వెడల్పు, లోతు మాత్రం కుండీ అంతే. మదాం లెమోయిన్‌ని కుండీలోంచి లాగితే వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, జడ పిన్నుల డబ్బాలో చిక్కుపడ్డ రబ్బరు బ్యాండ్లలా. వేళ్లతోనే విడదీసి బయటికి పరిచాను. గోతిలో ఎరువు వేయలేదు, తీసిన మట్టే తిరిగి నింపాను. మొక్కకీ మొక్కకీ ఎనిమిదడుగులు. మూడు బెత్తెడు పుల్లలు అంతంత దూరంలో చూసి మా ఆయన నవ్వాడు. పదేళ్ల తర్వాత నవ్వమన్నాను.

2022 ఫిబ్రవరి 13

మోకాలెత్తు మంచు. ఈ ఊళ్లో ఏటా సగటున 100 అంగుళాల దాకా పడుతుంది. కుందేళ్లు మంచు మీద నిలబడి మిస్ కిమ్ బెరడు చెక్కేశాయి. ఎత్తుకోసం వాటికి మంచే స్టూలు. ఇనప వల చుట్టాను. చలికి నా వేళ్లు మొద్దుబారిపోయాయి, మొక్కకి మాత్రం ఈ చలే కావాలి.

జూన్ 5

పూలు లేవు. మొదటి ఏడాది ఉండవని తెలుసు కాబట్టి టెన్షన్ లేదు. కానీ ఆకు మాత్రం మరీ పచ్చగా, మరీ పెద్దగా వచ్చింది. హృదయం ఆకారపు ఆకు, అరచేతిని కప్పేసేంత. లింకన్ ఒక్క నెలలో అడుగున్నర పెరిగింది. సంతోషించాను కూడా. తీరా కారణం వేరే. గడ్డికి మందు కొట్టడానికి మాట్లాడుకున్న మనుషులు మొక్కల మొదళ్ల దాకా చల్లేస్తున్నారు. గడ్డి ఎరువంటే దాదాపు అంతా నత్రజనే. వరికి యూరియా ఎక్కువైతే ఏపుగా పెరిగి పడిపోతుంది కదా, ఇదీ అదే బాపతు. మొక్క ఒళ్లు చేస్తుంది, మొగ్గ మాట మర్చిపోతుంది. వాళ్లకి చెప్పి ఆ పట్టీ దగ్గర తాడు కట్టాను.

ఆగస్టు 21

బూడిద తెగులు. ఆకుల మీద విభూతి రాసినట్టు. వర్షాలు, ఉక్క. చూడ్డానికి బాగోదు గానీ ప్రాణం తీయదు. మందేమీ కొట్టలేదు. రాలిన ఆకులు ఏరేశాను. ఎనిమిదడుగుల దూరం పెట్టి మంచి పని చేశాను, గాలి ఆడుతోంది. మిస్ కిమ్‌కి మాత్రం ఒక్క మచ్చ లేదు.

2023 మే 18

తెల్లవారుజామున మంచు పేరుకుంది. మే సగం దాటాక! ఫింగర్ లేక్స్ అనే సరస్సుల వైపు ద్రాక్షతోటలు బాగా దెబ్బతిన్నాయని వార్తల్లో వస్తోంది. లైలాక్‌ల మీద రాత్రే పాత దుప్పట్లు కప్పాను, వాటికేం కాలేదు. ఆత్రంతో వారం ముందే నేలలో పెట్టిన బీర మొక్కలు మాత్రం ఉడకబెట్టిన పాలకూరలా వాలిపోయాయి.

పక్కింటి పెద్దాయన కంచె మీంచి చూసి, ఇక్కడి పాతకాలపు లెక్క ఒకటి చెప్పాడు. లైలాక్ ఆకు విప్పుతుంటే బఠాణీలు పెట్టాలి, పూలు వాడిపోయాకే దోస, గుమ్మడి జాతులు నేల దించాలి. "మీ బీర ఏ జాతి?" అన్నాడు. గుమ్మడి జాతే. ఆయన ఇంకేమీ అనలేదు.

జూన్ 11

మిస్ కిమ్ రెండు గుత్తులు వేసింది. మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. లింకన్, మదాం లెమోయిన్ ఆకులే. నిరుటి నత్రజని ఇంకా దిగలేదనుకుంటా.

అక్టోబర్ 21

అమ్మ జులైలో వచ్చింది, ఆరు నెలలుంటుంది. వచ్చిన రోజు నించీ పెరడు ఆవిడదే. గోంగూర, ఆనప, తోటకూర దివ్యంగా వచ్చాయి. ఆవిడ చేత్తో నాటితే పుల్లయినా చిగురేస్తుంది, అందులో వాదన లేదు.

ఇవాళ శనివారం. నేను దసరా సామాన్లకి ఇండియన్ స్టోర్‌కి వెళ్లి రెండు గంటల్లో వచ్చాను. డ్రైవ్‌వేలోకి తిప్పుతుంటే ఏదో తేడాగా అనిపించింది. లింకన్ సగం లేదు. మిస్ కిమ్ గుండ్రంగా, నున్నగా, తిరుపతి నించి వచ్చినట్టుంది. అమ్మ మొక్కల కత్తెర పట్టుకుని చెమట తుడుచుకుంటోంది.

"అమ్మా! ఏంటిది?"

"మల్లె కుటుంబం అని నువ్వే కదే చెప్పావు. కొమ్మ దించకుండా వదిలేస్తే పువ్వెక్కడి నించి వస్తుంది? పిచ్చి పెరుగుదల పెరిగిపోయింది."

ఆవిడ లెక్క తప్పని ఎలా అనను? మల్లెకి డిసెంబర్‌లో నీళ్లు ఆపుతారు, కొమ్మలు కత్తిరిస్తారు, ఆకు దూసేస్తారు. తర్వాత ఎరువేసి తడి ఇస్తే కొత్త చిగుళ్లు వచ్చి, ఆ చిగుళ్ల కొసన మొగ్గలు తొడుగుతాయి. మైలవరం వైపు తోటలన్నీ అలాగే నడుస్తాయి. మల్లె కొత్త కొమ్మకి పూస్తుంది.

లైలాక్ పాత కొమ్మకి పూస్తుంది. పూలు రాలిన కొద్ది వారాల్లోనే, ఎండాకాలంలో, వచ్చే ఏటి మొగ్గ కొమ్మ కొసన కట్టేసుకుంటుంది. శీతకాలమంతా దాన్ని మోస్తూ నిలబడుతుంది. అక్టోబర్‌లో కొస కత్తిరించడమంటే మేలో రావాల్సిన పువ్వుని కత్తిరించడమే. కింద పడ్డ కొమ్మలు తిరగేసి చూశాను. ప్రతి కొసనా రెండేసి మొగ్గలు, పక్కపక్కన, బఠాణీ గింజల్లా బొద్దుగా. ఒకటి గోటితో చీల్చితే లోపల పచ్చగా, ఆవగింజలో సగం ఉండే బొడిపెలు గుత్తి కట్టి ఉన్నాయి. అది పూలగుత్తే, మొత్తం తయారైపోయి ఉంది.

అమ్మ కూడా వంగి చూసింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆ తెల్లపూలదాన్ని ముట్టుకోలేదులే, అది ఇంకా చంటిది" అంది.

సాయంత్రం పక్కింటి పెద్దాయన చెత్తబుట్ట బయట పెడుతూ మా పొదల వైపు చూశాడు. "ఎవరు చేశారు?" అని అడిగాడు. నేనే అన్నాను.

అక్టోబర్ 22

పొద్దున్నే అమ్మ లింకన్ దగ్గర చతికిలపడి కూర్చుని ఉంది. తాను కత్తిరించకుండా మిగిలిన ఒక కింది కొమ్మని నేలకి వంచి, నేల తగిలేచోట చాకుతో బెరడు కాస్త గీరి, చిన్న గొయ్యి తీసి అందులో అదిమి, మట్టి కప్పి పైన రాయి పెట్టింది. కొస మాత్రం పైకి తేలి ఉంది. నేలంటు. "నేను పోగొట్టింది నేనే ఇస్తాలే" అంది. చలికి చచ్చిపోతుందేమో అన్నాను. "నీకేం తెలుసే, ఊరుకో" అంది.

2024 ఏప్రిల్ 8

సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మా ఊరి మీదుగా. ఎక్కడెక్కడి నించో జనం వచ్చారు. మబ్బు! మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఒక్కసారి చీకటి పడింది, మూడున్నర నిమిషాల పాటు, వీధి దీపాలు వెలిగాయి, సూర్యుడు మాత్రం కనబడలేదు. అమ్మ జనవరిలో వెళ్లిపోయింది. ఫోన్లో "గ్రహణం పూట మొక్కలు ముట్టుకోకు" అంది. ముట్టుకోలేదు, పక్కన నిలబడి చూశాను. మదాం లెమోయిన్ మొగ్గలు ఉబ్బుతున్నాయి. లింకన్ మొగ్గలన్నీ సన్నగా, మొనదేలి ఉన్నాయి. అవి ఆకు మొగ్గలు.

మే 19

లెక్క తేలింది. కత్తెర తగిలిన లింకన్‌కి సున్నా. మిస్ కిమ్‌ మీద కూడా ఒక్క మొగ్గ కనబడటం లేదు. "చంటిది" అని వదిలేసిన మదాం లెమోయిన్‌కి మూడు గుత్తులు. ఏ ప్రయోగశాలలో అయినా ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం చేయగలరా? అమ్మకి వీడియోలో తెల్లపూలు చూపించాను. మిగతా రెండిటి వైపు కెమెరా తిప్పలేదు. ఆవిడ అడగనూ లేదు.

జూన్ 8

కత్తిరించడం నేర్చుకున్న రోజు. పక్కింటాయన పొద నలభై ఏళ్లది, పన్నెండడుగులు, పూలన్నీ అందని ఎత్తులో. నడుం నొప్పితో వంగలేకపోతున్నాడు. నేను చేస్తానంటే కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పాడు.

పూలు వాడిన వెంటనే మొదలుపెట్టాలి, ఎంత ఆలస్యమైతే అంత నష్టం. అన్నిటికంటే ముసలి కాండాల్లో మూడో వంతు నేలబారుగా కోసెయ్యాలి. వచ్చే ఏడు ఇంకో మూడో వంతు, ఆ పై ఏడు మిగతాది. మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది, ఏ ఏడాదీ పూలు పూర్తిగా ఆగవు. పైన పైన గుండ్రంగా గొరగడం ఎప్పుడూ వద్దన్నాడు. అది అంటూ నా వైపు చూడలేదు, మర్యాదస్తుడు.

ఒక కాండం మొదట్లో పెన్సిల్ దూరేంత కన్నం, కింద రంపపుపొట్టు. కాండం తొలుచు పురుగు. ఆ కాండం ముందు తీసేశాం. పిలకలు పాతిక పైనే ఉన్నాయి, అందులో గట్టివి నాలుగు ఉంచి మిగతావి తవ్వేశాను. చేతి రంపంతో మూడు గంటలు పట్టింది. మర్నాడు టీ కప్పు ఎత్తలేకపోయాను.

నవంబర్ 23

ఆకు మొత్తం రాలింది. లింకన్ కొసలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. జంట మొగ్గలు, బొద్దువి, ముప్పై ఒకటి. ఈ ఎండాకాలం నేను దానికి చేసింది ఏమీ లేదు. ఎరువు లేదు, కత్తెర లేదు, బాగా ఎండిన రెండు వారాలు తప్ప నీళ్లు కూడా లేవు. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో మా ఆయన్ని అడగండి.

2025 ఏప్రిల్ 20

వీడియో కాల్‌లో అమ్మ చూస్తుండగా నేలంటు రాయి తీశాను. మట్టి వేళ్లతో గీకితే కొమ్మ కింద నించి తెల్లటి వేళ్లు, సేమ్యాలా. లాగితే రాలేదు, పట్టు పట్టింది. "కొయ్యి, తల్లి వైపు కొయ్యి" అని అక్కడి నించి కేకలు. కోసి కుండీలో పెట్టాను.

మే 17

అమ్మ వచ్చి వారమైంది. లింకన్ పూసింది!

మొగ్గలో ముదురు ఊదా, విప్పారేకొద్దీ నీలం తేలుతుంది. గుత్తి మొత్తం ఒకేసారి విచ్చదు, కింది నించి పైకి వస్తుంది. తెల్లవారి కంటే ఎండ ఎక్కాక వాసన ఎక్కువ. కోసి ఇంట్లో పెట్టుకోవాలంటే కొమ్మ కింద చెక్క భాగాన్ని సుత్తితో కాస్త చితక్కొట్టి, ఆకులు తీసేసి, నీళ్లలో పెట్టాలి. అయినా మూడు నాలుగు రోజులే.

అమ్మ గుత్తి ఒకటి ఒళ్లో పెట్టుకుని ఒక్కో పువ్వూ తుంచి తిప్పి చూసింది. "కాడ ఉందే దీనికి, పారిజాతంలా." సూదీ దారం అడిగింది. కాడలోంచి సూది దూర్చి గుచ్చడం మొదలుపెట్టింది. పువ్వు మరీ చిన్నది, కళ్లజోడు ముక్కు చివరికి జారుతోంది. రెండు గంటలకి జానెడు దండ అయింది. మధ్యలో అయిదు రెక్కల పువ్వొకటి దొరికింది. దొరికితే అదృష్టం అంటారు ఇక్కడి పిల్లలు. దాన్ని దండ మధ్యలో వచ్చేలా గుచ్చింది. వేంకటేశ్వరస్వామి పటానికి వేశాం. సాయంత్రానికి వాలిపోయింది, మర్నాటికి గోధుమరంగు. మల్లెలా రాత్రంతా నిలిచే ఓపిక దీనికి లేదు. తలలో పెట్టుకుంటే గంట.

మే 24

నేలంటు మొక్క జానెడున్నర ఉంది, నాలుగు జతల కొత్త ఆకులు. పక్కింటాయన పొద లేత ఊదా, ఆయన దగ్గర నీలం లేదు. కుండీకి రంగు కాగితం చుట్టి అమ్మే స్వయంగా తీసుకెళ్లింది, నన్ను దుబాసీగా వెంటబెట్టుకుని. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. అమ్మ నా మోచెయ్యి పొడిచింది.

"చెప్పవే ఆయనకి, అక్టోబర్‌లో కత్తెర పట్టొద్దని."